కొలత పుల్లలు

మట్టక్క అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. ముప్ఫై ఏళ్ళుగా మట్టితో మనుషుల మొహాలు చేస్తోంది కాబట్టి వీధివాళ్ళు మట్టక్క అన్నారు, ఆమె సరేనంది, అంతే. మొహం చేయించుకోవాలంటే ఎంతటివాళ్ళైనా ఆమె పనిగదికే రావాలి. మూడుకాళ్ళ స్టూలు మీద కూర్చోవాలి, కదిలితే తిట్లు తినాలి. బయటికొచ్చి పని చెయ్యమని ఎవరైనా అడిగితే చేపని చెట్టెక్కమన్నట్టు చూసేది. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున్నే ప్రయాణానికి పనిముట్ల పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది.

కారణం ఒక ఫోను. చేసింది కుట్టుపని చేసుకునే ఒకామె. నలభై దగ్గర పడుతున్నా ఇంట్లో ఇంకా చిన్నది అనే పిలుస్తారట. వాళ్ళమ్మకి చూపు పోయి పదిహేనేళ్ళు. ముగ్గురు పిల్లల్లో నడిపోడు పన్నెండేళ్ళ కిందట పడవ మునిగి పోయాడు. ఇప్పుడు పెద్దావిడకి గుండె జబ్బు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఇక మూడో అంతస్తు నుంచి కిందికి దిగే మాటే లేదు. పోయేలోగా నడిపోడి మొహం ఒక్కసారి చేతుల్లోకి తీసుకోవాలని ఆవిడ కోరిక. ఫొటోలు ఉన్నాయా అని మట్టక్క అడిగింది. రెండున్నాయట. ఒకదాంట్లో వెనక్కి తిరిగి ఉన్నాడు, రెండోదాంట్లో తుమ్ముతున్నాడు. మిగతావన్నీ పాత ఇంట్లోకి వరద వచ్చినప్పుడు పోయాయి.

వద్దని చెప్పడానికే మట్టక్క నోరు తెరిచింది. కానీ ఇన్నేళ్ళూ తను చేసిందంతా చూసేవాళ్ళ కోసం. తాకి తెలుసుకునేవాళ్ళ కోసం ఒక్కటీ చెయ్యలేదు. అలాంటిదొకటి చెయ్యాలన్న ఆశ ఆమెను పట్టుకుంది. ఆశ పట్టుకుంటే ముసలాళ్ళైనా పిల్లలైపోతారు, మట్టక్క ఎంత.

పెట్టె చేసింది ఆమె మొగుడు. ఆయన వడ్రంగి, భార్య పనికిరాదన్న చెక్కతోనే భార్యకి పనికొచ్చేవి చేస్తుంటాడు. ఈ పెట్టెకి మూతే పని బల్ల. దాని కింద పాత మోటారు బేరింగు బిగించాడు, వేలితో తోస్తే బల్ల గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో బొమ్మ మెడకి ఆధారంగా జానెడు పైపు, మర తిప్పి ఊడదీసుకోవచ్చు. పాత జీన్సు గుడ్డతో కుట్టిన సంచిలో పనిముట్లు చుట్టింది: చెక్క కత్తులు నాలుగు, సైకిలు పుల్ల వంచి చేసిన గోకుడు తీగలు రెండు, ఒక చెంచా, జుట్టు గీతలకి అరిగిపోయిన టూత్ బ్రష్షు, మట్టి కొయ్యడానికి రెండు చివర్లా బొత్తాలు కట్టిన సన్న తీగ. నీళ్ళు చిమ్మే సీసా, స్పాంజి, తడిగుడ్డలు. నూనె కలిపిన మట్టి తేలిక, ఎండదు కూడా. కానీ వేళ్ళకి జిడ్డు తగులుతుంది, చర్మంలా ఉండదు. కాబట్టి మామూలు నీళ్ళమట్టే తీసుకుంది. ఎనిమిది కిలోలు, తడి గోనెలో చుట్టి, పైన రెండు ప్లాస్టిక్ కవర్లు. అది ఎండకముందే పని ముగించుకోవాలి, అంతే కదా అనుకుంది.

చివరికి మిగిలింది కాలిపర్. రెండు వంకర కాళ్ళున్న ఇనప పనిముట్టు, మనిషి మొహం మీద ఈ చెంప నుంచి ఆ చెంపకి ఆనించి కొలత తీసుకునేది. పని నేర్పిన ముసలి మేస్త్రీ ఇచ్చిపోయింది. మూరెడు పొడవు, పెట్టెలో ఎటు పెట్టినా మూత పడలేదు. ఇది కూడా మోసుకెళ్ళడం పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమేనని మొగుడు తేల్చాడు. కాలిపర్‌కి బదులు వెదురు పుల్లల కట్ట ఒకటి, ఒక చిన్న కటింగ్ ప్లయరు ఇచ్చాడు. పుల్లని మొహానికి ఆనించి, కావలసినంత దగ్గర కత్తిరించి, ఆ పుల్లనే మట్టిలో గుచ్చేస్తే సరి. కొలతకి కొలత, మట్టి జారకుండా ఆధారానికి ఆధారం. మట్టక్కకి ఈ ఉపాయం తెగ నచ్చింది. ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదా అనుకుంది.

తట్టకపోవడానికి కారణం ఉంది. మేస్త్రీకి ఒక అలవాటు ఉండేది. బొమ్మ పూర్తవగానే కాలిపర్‌ని మళ్ళీ అదే కొలతకి తెరిచి, ఎవరి దగ్గర కొలత తీసుకున్నాడో ఆ మనిషి మొహానికి అదే చోట ఒకసారి తాకించేవాడు. దాన్ని కొలత దింపడం అనేవాడు. ఎందుకని అడిగిన శిష్యుడికి మొట్టికాయ దొరికేది కానీ జవాబు దొరికేది కాదు. వెనక అందరూ నవ్వుకునేవాళ్ళు. మట్టక్క కూడా నవ్వింది, అయినా చెయ్యి అలవాటు కొద్దీ తన పనిగదిలో ఎవరి కొలత తీసినా దింపేది. ఆ రోజు కాలిపర్‌ని గోడకి తగిలించి వెళ్తున్నప్పుడు మాత్రం ఆ సంగతి ఆమెకి గుర్తే రాలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి చేరింది. కింద ప్రింటింగ్ ప్రెస్సు, పైన మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను, సగం కుట్టిన స్కూలు చొక్కాల గుట్ట. లోపలి గదిలో కిటికీ పక్కన మంచం, మంచం మీద పెద్దావిడ. ఒకప్పుడు భారీ మనిషి అయ్యుండాలి, ఇప్పుడు చేతులు మాత్రమే పెద్దవిగా మిగిలాయి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరొచ్చినా ముందు పెద్దావిడ దగ్గర వంగి మొహం అప్పగించాలి. ఆవిడ రెండు చేతులతో నుదురు నుంచి గడ్డం దాకా పుణికి, ఎవరో తెలిసినవాళ్ళైతే పేరు చెప్తుంది, అప్పటిదాకా మాట వినదు. గొంతులు దొంగవి, ఎవరివైనా అరువు తెచ్చుకోవచ్చు, ఎముక అబద్ధం చెప్పదు అని ఆవిడ సిద్ధాంతం. చిన్నది రోజూ పొద్దున కాఫీ ఇచ్చి వంగుతుంది. ఆవిడ తడిమి, చిన్నదానా, కళ్ళ కింద గుంటలు పడ్డాయే, రాత్రి మళ్ళీ మిషను తొక్కావా అంటుంది. పదిహేనేళ్ళుగా చిన్నదాని రోజు అలాగే మొదలవుతోంది. పెళ్ళి మాటలు వచ్చిపోయాయి, స్నేహితులు ఊళ్ళు మారారు, ఆ రెండు చేతులు మాత్రం మారలేదు. ఈ ఇంట్లో నీకేం మిగిలిందని ఎవరైనా అడిగితే చిన్నది చూపించగలిగింది అదొక్కటే.

మట్టక్క మొహాన్ని కూడా పెద్దావిడ పుణికింది. "మొండిదానివి" అంది. మట్టక్క కాదనలేదు.

పోయినవాడి మొహం ఎక్కడికీ పోదు, బతికున్న అయినవాళ్ళలో ముక్కలుగా ఉంటుంది అనేవాడు మేస్త్రీ. మట్టక్క ఆ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. నుదురు పెద్దోడిదే అన్నారు. పెద్దోడు సిటీ బస్సు డ్రైవరు, పక్క వీధిలో కాపురం. డ్యూటీ దిగి వచ్చి కూర్చున్నాడు. నుదురు కొలవడమెందుకు, బట్టతల కదా, ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది అని తన మీద తనే జోకులు వేసుకున్నాడు. కణత నుంచి కణతకి పుల్ల పట్టి, ప్లయరుతో టిక్కుమనిపించి, మట్టిలో గుచ్చింది. ముక్కు వాళ్ళ నాన్నది, ఆయన లేడు కాబట్టి పెద్దావిడ నోటితో చెప్తూ చేయించింది. సాయంత్రానికి నుదురు, ముక్కు తేలాయి. మట్టి కాస్త బిగిశాక ఆవిడ తడిమి, నుదురు వాడిదే, కింద ఇంకా రాలేదు అంది.

బుధవారం పొద్దున పెద్దోడు డ్యూటీకి వెళ్తూ అమ్మ దగ్గర వంగాడు. ఆవిడ చేతులు నుదుటి దగ్గరే ఆగిపోయాయి. ఇటు పోయాయి, అటు పోయాయి, చదునైన గోడ మీద తలుపు కోసం వెతికినట్టు. తర్వాత చేతులు వెనక్కి తీసుకుంది.

"ఎవరు బాబూ?"

పెద్దోడు పగలబడి నవ్వి, వయసు మీద పడితే ఇంతే అన్నాడు. ఆవిడ గొంతు పోల్చుకుంది కానీ, మా పెద్దోడి గొంతు నీకెలా వచ్చింది అని గట్టిగానే అడిగింది. నవ్వుతూనే మెట్లు దిగాడు కానీ సగం మెట్ల దగ్గర అతను ఆగి తన నుదురు రుద్దుకోవడం మట్టక్క కిటికీలోంచి చూసింది. మనసులో ఏదో మెదిలింది. మెదిలినదాన్ని అక్కడే తొక్కిపెట్టింది. మట్టి ఎండుతోంది, పని సగంలో ఉంది.

చెంపలూ గడ్డమూ చిన్నదానివి తీసుకోవాలి. ఈ విషయంలో ఇంట్లో రెండో మాట లేదు, నడిపోడూ చిన్నదీ అచ్చు గుద్దినట్టు ఒకటేనట. చిన్నప్పుడు అన్న చొక్కా వేసుకుని బడికెళ్తే పంతులమ్మ కూడా పోల్చుకోలేదట. చిన్నది మిషను ఆపి వచ్చి కూర్చుంది. మట్టక్క మూడు పుల్లలు తీసింది: చెంప నుంచి చెంపకి ఒకటి, గడ్డం వెడల్పుకి ఒకటి, పెదవి కింద నుంచి గడ్డం కొనకి ఒకటి. మూడూ మట్టిలో దిగేదాకా గుచ్చి, పైన మట్టి పొరలు పరిచింది. అంత సాఫీగా ఆమె చేతులు ఎప్పుడూ నడవలేదు. చెయ్యి వెయ్యకముందే మట్టి అటు ఒరుగుతున్నట్టు ఉంది. తనకి అంత పనితనం లేదని ఆమెకి తెలుసు. సంతోషించాల్సింది పోయి చేతులు తుడుచుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

సాయంత్రం నాలుగింటికి ఆ తలని పెద్దావిడ ఒళ్ళో పెట్టారు. నుదురు, ముక్కు, చెంపలు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోరు తెరుచుకుంది. తర్వాత ఏడ్చింది, నవ్వింది, తిట్టింది, ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా అంది. తన చెంప దాని చెంపకి ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ గడ్డాన్ని మాత్రం వదల్లేదు, నిద్రలో కూడా అరచేతిలోనే పట్టుకుని పడుకుంది. చిన్నది గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ ఇంత హాయిగా నిద్రపోయి పన్నెండేళ్ళయిందని చెప్పి, మట్టక్క చేతులు పట్టుకుంది.

గురువారం పొద్దున చిన్నది కాఫీ ఇచ్చి వంగింది.

పెద్దావిడ చేతులు నుదుటి మీద నుంచి జారాయి, చెంపల దగ్గర తడబడ్డాయి, గడ్డం దగ్గర ఖాళీగా ఆగాయి. పెద్దోడినైతే కసిరినట్టు అడిగింది. చిన్నదాన్ని అలా అడగలేదు, మర్యాదగా అడిగింది. ఆ మర్యాదే చిన్నదాని ప్రాణం తీసింది.

"ఎవరమ్మా మీరు? కూర్చోండి. మా చిన్నది ఇప్పుడే వస్తుంది."

నేనేనమ్మా అని చిన్నది ఎన్నిసార్లు అన్నా, గొంతు దానిలాగే ఉంది, మీరు దానికేమైనా అవుతారా అందే తప్ప ఒప్పుకోలేదు. తర్వాత ఒంటరిగా ఉన్నవాళ్ళకి మనిషి దొరికితే మాట్లాడినట్టు మాట్లాడుతూ పోయింది. మా చిన్నది బంగారమండీ అంది. దాని వయసంతా నా మంచం కింద పరిచేసింది, అది లేకపోతే నడిపోడి వెనకే నేనూ పోయేదాన్ని, ఈ మాట దానితో ఎప్పుడూ అనలేదు, అంటే ఏడుస్తుంది అంది. చిన్నది ఎదురుగా నేల మీద కూర్చుని అంతా వింది. జన్మంతా ఎదురుచూసిన మాట, వచ్చింది కానీ ఇంకెవరికో చెప్పినట్టు వచ్చింది.

ముందు గదిలోకి వచ్చాక చిన్నది తన గడ్డం నొక్కుకుంటూ, పన్ను పీకించుకున్నప్పుడు సూది వేస్తే ఉన్నట్టు మొద్దుబారి ఉంది అని చెప్పింది. మట్టక్క ఆమె వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళు మొహాలు చూసిన కళ్ళు. ఆ కళ్ళకి చిన్నదాని గడ్డం కనిపిస్తోంది కానీ ఎలా ఉందో తెలియడం లేదు. చూపు తిప్పితే గుర్తుండటం లేదు. అప్పుడు మట్టక్కకి గోడ మీది కాలిపర్ గుర్తొచ్చింది, మేస్త్రీ గుర్తొచ్చాడు.

దాచకుండా చెప్పేసింది. కొలత తీసుకున్నాక దింపాలని, దింపలేదని, దింపాల్సిన కొలతలు నాలుగూ ఆ తల లోపల పుల్లలై ఉన్నాయని. తవ్వి తియ్యాలంటే మొహం చితికిపోతుంది. తియ్యకుండా వదిలేస్తే రేపు సాయంత్రానికి మట్టి రాయవుతుంది, ఆ తర్వాత పుల్లలు ముక్కలుగా తప్ప రావు. పనిముట్లు సర్దుకోవడంలో చేసిన తప్పు నాది, దిద్దుకునే పని కూడా నాదే, కానీ ఏ మొహం ఉండాలో నేను చెప్పలేను అంది.

చిన్నది చాలాసేపు మిషను చక్రం ఊరికే తిప్పుతూ కూర్చుంది. లోపల పెద్దావిడ నడిపోడికి ఏదో కబురు చెప్తోంది.

"ఆ మాట నా మొహం పట్టుకుని నాతో అనాలక్కా. నాకింకేం వద్దు. తీసెయ్యండి."

శుక్రవారం పొద్దున మాత్ర వేసుకుని పెద్దావిడ కునుకు తీస్తున్నప్పుడు ఒళ్ళోంచి తల మెల్లగా తీసుకున్నారు. పెద్దోడు సెలవు పెట్టి వచ్చాడు. ఈసారి జోకులు లేవు. మట్టక్క ముందు నుదురు చీల్చి పుల్ల బయటికి లాగింది, తడి తుడిచి, అతని కణతలకి ఆనించింది. అతను తలంటి పోసుకున్నవాడిలా ఒక్క నిట్టూర్పు విడిచాడు. పెద్దావిడ కదిలి, చేతులతో ఒళ్ళో వెతుక్కోసాగింది. పెద్దోడు గబగబా వెళ్ళి ఆ చేతుల్లో మొహం పెట్టాడు.

"పెద్దోడా. డ్యూటీ లేదా ఇవాళ?"

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చిన్నది నవ్వింది, ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి. రండక్కా అని గడ్డం ఎత్తి నిలబడింది. మట్టక్క చెంచాతో చెంపల వెనక తవ్వింది. మొదటి పుల్ల తేలిగ్గా వచ్చింది. గడ్డం పుల్లలు రాలేదు. ఎవరో అటువైపు నుంచి పట్టుకున్నట్టు మట్టి బిగిసి ఉంది. రెండు చేతులతో లాగితే వచ్చాయి, గోరువెచ్చగా. పెద్దోడి పుల్ల చల్లగా ఉండింది. ఆ నుదుటిని ఎవరూ పట్టుకుని పడుకోలేదు. ఈ గడ్డం రెండు రాత్రులు ఒక తల్లి అరచేతిలో ఉంది, ఆవిడ కన్నీళ్ళన్నీ తాగింది. ఆగాలేమో అనిపించింది మట్టక్కకి. కానీ బొమ్మ అప్పటికే చితికిపోయింది, చిన్నది కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. మూడు పుల్లలూ ఒక్కొక్కటే తాకించింది.

చిన్నదాని మొహంలోకి రక్తం వచ్చింది. తిమ్మిరి వదిలిందక్కా అంది. మట్టక్క చూసింది. గడ్డం స్పష్టంగా కనిపిస్తోంది, ఎక్కడ చూసినా గుర్తుపట్టేంత స్పష్టంగా. అది చిన్నదానిది కాదు, బుధవారం తన వేళ్ళతో చేసిన నడిపోడి గడ్డం.

ఆమె నోరు తెరిచేలోపే చిన్నది వెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అమ్మ చేతులు రెండూ తీసి మొహానికి పెట్టుకుంది. ఆ చేతులు నుదురు దిగాయి, చెంపలు దిగాయి, గడ్డం దగ్గర ఆగాయి. పెద్దావిడ మొహం విచ్చుకుంది.

"నడిపోడా. ఇంకా ఇంత తడిగా ఉన్నావేంట్రా? తుడుచుకోలేదా?" అంటూ కొంగుతో చిన్నదాని చెంపలు ఒత్తింది. మట్టి నీళ్ళు కొంగుకి అంటుకున్నాయి. "మన చిన్నది ఏదిరా? నువ్వొచ్చావని తెలిస్తే గంతులేస్తుంది. ఎక్కడికెళ్ళింది?"

నేనే చిన్నదాన్నమ్మా అని చెప్పడానికే చిన్నది నోరు తెరిచింది. ఆ మాట ఆమె పెదాల మీద ఆకారం కట్టడం మట్టక్క కళ్ళారా చూసింది.

"కుట్టుపని ఇచ్చి రావడానికి వెళ్ళిందమ్మా," అంది ఆ నోరు. "వచ్చేస్తుంది."

పెద్దోడు గోడకి ఆనుకుని కింద కూలబడ్డాడు. పన్నెండేళ్ళయినా తమ్ముడి గొంతు అతను మరిచిపోలేదు.